సోనీ పిక్చర్స్ మీద దాడి చేసిందెవరు? ఆధారాల బరువు, అనుమానాల బలం

2014 నవంబరు 24 ఉదయం హాలీవుడ్ స్టూడియో సోనీ పిక్చర్స్ ఉద్యోగుల కంప్యూటర్ తెరల మీద ఎర్రటి అస్థిపంజరం బొమ్మ ప్రత్యక్షమైంది. ‘గార్డియన్స్ ఆఫ్ పీస్’ అని పేరు పెట్టుకున్నవాళ్లెవరో నెట్‌వర్క్‌లో చొరబడి, దొరికినంత కాపీ చేసుకుని, మిగిలింది తుడిచిపెట్టేశారు. సంస్థలోని 6,797 కంప్యూటర్లలో 3,262, 1,555 సర్వర్లలో 837 ఖాళీ అయ్యాయని ఫార్చ్యూన్ పత్రిక తర్వాత లెక్క రాసింది. విడుదల కాని సినిమాలు, జీతాల పట్టికలు, సుమారు 47,000 మంది సోషల్ సెక్యూరిటీ నంబర్లు (అమెరికాలో ఒక్కొక్కరికీ ఉండే గుర్తింపు సంఖ్యలు), పై అధికారుల ఈమెయిళ్లు వారాల తరబడి విడతలవారీగా బయటికొచ్చాయి.

సరిగ్గా 25 రోజులకు, డిసెంబరు 19న, ఇది ఉత్తర కొరియా ప్రభుత్వం పనేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటించింది. జనవరి 2న ఒబామా ప్రభుత్వం కొత్త ఆంక్షలు విధించింది. ఒక ప్రైవేటు కంపెనీ మీద జరిగిన దాడికి అమెరికా ఇంత బాహాటంగా ఒక దేశం పేరు చెప్పడం అప్పటికి అరుదు. కానీ ఆ ప్రకటన చదివి పెదవి విరిచినవాళ్లు తక్కువమందేమీ కాదు. క్రిప్టోగ్రఫీ నిపుణుడు బ్రూస్ ష్నయర్, డెఫ్‌కాన్ హ్యాకర్ల సదస్సు భద్రత చూసే మార్క్ రోజర్స్ లాంటివాళ్లు, ఎఫ్‌బీఐ బయటపెట్టిన ఆధారాలు చాలవని రాశారు. గాలికబుర్లు నమ్మే మనుషులు కారు వాళ్లు. రోజూ ఇలాంటి ఫైళ్లనే విప్పి చూసే వృత్తి వాళ్లది.

అప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్నలు చాలావరకు సబబైనవే. తర్వాత వచ్చిన జవాబులు కూడా చాలావరకు గట్టివే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే ఒక్కో ఆధారాన్ని విడిగా తూకం వేయాలి.

‘ఎవరు చేశారు’ అన్నది ఒక ప్రశ్న కాదు

దాడి వెనకున్నది ఎవరో తేల్చే పనిని సైబర్ భద్రతా రంగంలో అట్రిబ్యూషన్ అంటారు. అందులో మూడు మెట్లున్నాయి. దాడి ఏ యంత్రం నుంచి వచ్చింది? ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషెవరు? అతనికి పని పురమాయించిందెవరు?

మొదటి మెట్టుకు లాగ్ ఫైళ్లు (యంత్రం తన పనిని నమోదు చేసుకునే ఫైళ్లు), నెట్‌వర్క్ రికార్డులు జవాబిస్తాయి. రెండో మెట్టుకు ఈమెయిల్ ఖాతాలు, ఫోన్ నంబర్లు, మనుషులు చేసే పొరపాట్లు కావాలి. మూడోదానికి సాధారణంగా గూఢచారి సంస్థల దగ్గరుండే సమాచారం కావాలి, దాన్ని అవి బయటపెట్టవు. ప్రకటనలు, వార్తలు ఈ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తాయి. ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్‌లో ఒక యంత్రానికుండే చిరునామా నంబరు. ‘ఫలానా దేశం ఐపీ అడ్రస్ దొరికింది, కాబట్టి ఫలానా ప్రభుత్వం చేసింది’ అన్నప్పుడు మొదటి మెట్టు నుంచి మూడోదానికి గెంతేసినట్టే.

ఎఫ్‌బీఐ చూపించిన మూడు ఆధారాలు

డిసెంబరు 19 ప్రకటనలో సాంకేతిక భాగం చాలా చిన్నది. ఒకటి, సోనీ డేటాను తుడిచేసిన మాల్‌వేర్‌కు, అంటే హాని చేసే ప్రోగ్రామ్‌కు, ఉత్తర కొరియా గతంలో తయారు చేసిందని ఎఫ్‌బీఐ చెప్పే మాల్‌వేర్‌కు కోడ్‌లో, ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో, డేటా చెరిపే తీరులో పోలికలున్నాయి. రెండు, మాల్‌వేర్‌లో ముందే రాసి పెట్టిన ఐపీ అడ్రస్‌లతో ఉత్తర కొరియాకు చెందినవని తెలిసిన ఐపీలు సంభాషించాయి. మూడు, 2013 మార్చిలో దక్షిణ కొరియా బ్యాంకులు, టీవీ చానళ్ల మీద జరిగిన దాడిలో వాడిన పనిముట్లతో పోలికలున్నాయి.

ముందుగా కోడ్ పోలిక. మాల్‌వేర్ రాసేవాళ్లు ప్రతిసారీ మొదటి నుంచీ రాయరు, ఉన్నదాన్నే మళ్లీ వాడతారు. అందుకే పోలికకు విలువ ఉంది. కానీ అదే కారణంతో ఆ విలువకు హద్దు కూడా ఉంది: ఒకసారి దాడిలో వాడిన కోడ్ బాధితుల కంప్యూటర్లలో, యాంటీవైరస్ కంపెనీల భాండాగారాల్లో, చీకటి బజార్లలో మిగిలిపోతుంది, దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. సోనీలో వాడిన వైపర్, అంటే డేటాను చెరిపేసే ప్రోగ్రామ్, హార్డ్‌డిస్క్ మీద నేరుగా రాయడానికి ఎల్డోస్ కంపెనీ అమ్మే ‘రాడిస్క్’ అనే డ్రైవర్‌ను ఉపయోగించుకుంది. 2012లో సౌదీ అరామ్‌కో మీద దాడి చేసిన షమూన్ వైపర్‌లోనూ అదే డ్రైవర్ ఉంది. షమూన్ దాడికి చాలామంది వేలెత్తి చూపింది ఇరాన్ వైపు. బజారులో దొరికే పనిముట్టు రెండు చోట్ల కనబడితే వాడిన చెయ్యి ఒకటేనని అనలేం.

ఐపీ అడ్రస్ ఇంకా జారుడు ఆధారం. మాల్‌వేర్‌లో ఉన్న ఐపీలు థాయ్‌లాండ్, పోలండ్, ఇటలీ, బొలీవియా లాంటి దేశాల్లోవి. వాటిలో చాలావరకు స్పామర్లు సహా ఎవరైనా వాడుకోగల ప్రాక్సీలేనని రోజర్స్ చూపించాడు. ప్రాక్సీ అంటే మధ్యలో ఉండి మన అభ్యర్థనను తన పేరు మీద పంపే యంత్రం. దాని వెనక ఎవరున్నారో అడ్రస్ చూస్తే తెలియదు.

ఐపీని నమ్మి బోల్తాపడిన ఉదాహరణ ఆ మూడో ఆధారంలోనే ఉంది. 2013 మార్చి 20న దక్షిణ కొరియాలో దాడి జరిగితే, మర్నాడే అక్కడి అధికారులు చైనాలోని ఒక ఐపీ నుంచి వచ్చిందని ప్రకటించారు. ఆ తర్వాతి రోజు నాలుక కరుచుకున్నారు. ఆ అడ్రస్ నోంగ్‌హ్యుప్ బ్యాంకు తన లోపలి నెట్‌వర్క్‌లో సొంతంగా పెట్టుకున్నది. లోపలి వాడకానికి కేటాయించిన వరుసల్లోంచి కాక ఇష్టం వచ్చిన నంబరు ఎంచుకోవడంతో, అది చైనాకు కేటాయించిన ఒక అడ్రస్‌తో ఒక్క అంకె తేడా లేకుండా కలిసింది. బయటి పట్టికలో వెతికితే చైనా అని చూపించింది.

మూడు ఆధారాలు నిజంగా మూడేనా

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. అంకెలు కేవలం ఊహకు పెట్టుకున్నవి, లెక్క నడిచే తీరు ముఖ్యం.

ఆధారాలు చూడకముందు, ఇలాంటి దాడులు 100 జరిగితే 30 ఒక ఫలానా దేశం చేసినవి, 70 ఇతరులు చేసినవి అనుకుందాం. ఆ దేశం చేసిన దాడుల్లో 90 శాతంలో దాని పాత కోడ్ కనబడుతుంది. ఇతరులు చేసినవాటిలోనూ 15 శాతంలో కనబడుతుంది, ఎందుకంటే కొందరు ఆ కోడ్‌ను ఎత్తుకొచ్చి వాడతారు. కోడ్ కనబడిన కేసులు: 27, 10.5. మొత్తం 37.5లో 27 అంటే 72 శాతం. 30 నుంచి 72కి పెరిగింది, మంచి ఆధారమే.

ఇప్పుడు రెండో ఆధారం. మాల్‌వేర్‌ను కంపైల్ చేసిన, అంటే రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చిన, కంప్యూటర్ భాషా సెట్టింగ్ కొరియన్ అని తేలింది. ఆ దేశం దాడుల్లో ఇది 80 శాతం, మిగతావాటిలో 10 శాతం కనబడుతుందని అనుకుంటే 21.6, 1.05 మిగులుతాయి. నమ్మకం 95 శాతానికి చేరుతుంది. కానీ ఒక్క క్షణం. ఎత్తుకొచ్చినవాడు వాడింది కొరియన్ సెట్టింగ్‌తో కంపైలైన పాత ముక్కలనే అయితే, లేదా ఉత్తర కొరియాలా కనబడాలనే తాపత్రయంతో సెట్టింగ్ కూడా మార్చుకుంటే? అప్పుడు అతని కేసుల్లోనూ ఆ గుర్తు 80 శాతంలో ఉంటుంది. 10.5లో 8.4 మిగులుతాయి. 30లో 21.6 అంటే మళ్లీ అదే 72 శాతం. రెండో ఆధారం ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కించలేదు.

ఎఫ్‌బీఐ మూడు ఆధారాల మీద నిపుణుల అసలు అభ్యంతరం ఇదే. మొదటిదీ మూడోదీ దాదాపు ఒకే వేరు నుంచి వచ్చినవి: పాత మాల్‌వేర్‌తో పోలిక. పైగా ఆ పాత దాడి ఉత్తర కొరియాదేనన్న నిర్ధారణ కూడా ఇలాంటి పోలికల మీదే కొంత ఆధారపడింది. ఒక గొలుసులో మొదటి కొక్కెం వదులైతే తర్వాతివన్నీ దాంతోపాటే ఊగుతాయి.

ఎదురు వాదాలు: డబ్బు, లోపలి మనిషి, రష్యన్ నుడికారం

ఉత్తర కొరియాకు కారణం ఉందన్నది అందరికీ కనబడిన సంగతి. ఆ దేశ నాయకుడి హత్య కథగా సోనీ తీసిన హాస్యచిత్రం ‘ది ఇంటర్వ్యూ’ మీద 2014 జూన్‌లోనే ఐక్యరాజ్యసమితికి ఆ దేశ రాయబారి ఫిర్యాదు లేఖ రాశాడు. కానీ దాడికి మూడు రోజుల ముందు, నవంబరు 21న, సోనీ పెద్దలకు వచ్చిన ఈమెయిల్ అడిగింది డబ్బు. సినిమా ఊసే లేదు. దాడి చేసినవాళ్లు సినిమా ప్రదర్శన ఆపమని బాహాటంగా అన్నది డిసెంబరు 8న. ఈ మధ్యలో పత్రికలు ఉత్తర కొరియా కోణం రాసేశాయి. ‘పత్రికలు అందించిన ముసుగునే దొంగలు తొడుక్కున్నారు’ అన్న వాదన ఇక్కడే పుట్టింది. తేదీల వరుస చూస్తే కొట్టిపారేయలేం.

రెండో వాదం లోపలి మనిషి. మాల్‌వేర్‌లో సోనీ అంతర్గత సర్వర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు ముందే రాసి ఉన్నాయి. బయటివాళ్లకు ఇవెలా తెలుస్తాయి? నార్స్ అనే భద్రతా సంస్థ, ఉద్యోగం పోయిన మాజీ ఉద్యోగి ఒకరి హస్తం ఉందని ఎఫ్‌బీఐకి వివరించింది. ఎఫ్‌బీఐ ఒప్పుకోలేదు. ఈ వాదానికి తోడుగా తరచూ వినిపించింది డేటా పరిమాణం: తాము 100 టెరాబైట్లు తీసుకున్నామని దాడి చేసినవాళ్లు చెప్పుకున్నారు, అంత డేటా ఇంటర్నెట్ మీద ఎవరికీ తెలియకుండా వెళ్లదు, ఎవరో డిస్కుల్లో మోసుకెళ్లి ఉండాలి అని.

లెక్క వేసి చూడండి. 100 టెరాబైట్లంటే 800 లక్షల కోట్ల బిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల లైన్ మీద ఏకధాటిగా పంపితే దాదాపు 93 రోజులు. 1 గిగాబిట్ లైన్ అయితే 9 రోజుల పైచిలుకు. దాడి చేసినవాళ్లకు రెండు నెలల సమయం ఉందనుకుంటే సెకనుకు సగటున 154 మెగాబిట్లు చాలు. సినిమా ఫైళ్లు రోజూ అటూ ఇటూ పంపుకునే స్టూడియోకు అది పెద్ద వేగం కాదు. ఇక 100 టెరాబైట్లన్నది దొంగలు చెప్పుకున్న అంకె, బయటికి వచ్చింది అందులో చాలా చిన్న భాగం. కాబట్టి పరిమాణం చూసి లోపలి మనిషిని ఊహించడం నిలబడదు. సర్వర్ పేర్ల సంగతీ అంతే. వారాల తరబడి లోపల తిష్ఠ వేసినవాడికి ఆ జాబితా తయారు చేసుకోవడం మామూలు పని.

మూడోది భాష. దాడి చేసినవాళ్ల సందేశాల్లోని వంకర ఇంగ్లిష్‌ను టైయా గ్లోబల్ అనే సంస్థ విశ్లేషించింది. 20 వాక్యాల్లో 15 రష్యన్ నుంచి మక్కీకి మక్కీ అనువాదంలా ఉన్నాయని, కొరియన్‌కు సరిపోయినవి 9 మాత్రమేనని చెప్పింది. 15, 9 కలిపితే 20 దాటుతుంది, అంటే కొన్ని రెండింటికీ సరిపోయాయి. 20 వాక్యాలు ఇలాంటి తీర్పుకు చాలా చిన్న నమూనా. రాసినవాడు కావాలనే వంకరగా రాసి ఉండవచ్చు కూడా.

ఆధారాలు బయట జనం మధ్య పడి ఉంటే ఇంకో బెడద కూడా ఉంటుంది. డిసెంబరులో, సోనీ సొంత డిజిటల్ సర్టిఫికెట్‌తో (ప్రోగ్రామ్ ఎవరిదో హామీ ఇచ్చే ముద్రతో) సంతకమైన మాల్‌వేర్ నమూనా దొరికిందని కలకలం రేగింది. తీరా చూస్తే, లీకైన సర్టిఫికెట్ పట్టుకుని పరిశోధకులే తమాషాకు చేసిన సంతకం అది.

కావాలని విడిచే గుర్తులు

‘ఇంత కష్టపడి మరో దేశం మీదికి ఎవరు నెడతారు’ అనిపించవచ్చు. నెట్టిన దాఖలాలున్నాయి. 2015 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ చానల్ టీవీ5 మాండ్ ప్రసారాలు నిలిచిపోయినప్పుడు ఇస్లామిక్ స్టేట్ పేరుతో ‘సైబర్ కాలిఫేట్’ తనే చేశానంది. తర్వాత ఫ్రెంచ్ దర్యాప్తు దారి రష్యా బృందంగా పేరుపడ్డ ఏపీటీ28 వైపు వెళ్లింది.

2018 ఫిబ్రవరి 9న ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రోజు జరిగిన దాడి ఇంకా పాఠంలాంటిది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో తయారైన ప్రోగ్రాముల్లో, ఏ టూల్ ఏ వెర్షన్‌తో తయారైందో చెప్పే చిన్న భాగం ఒకటి దాగి ఉంటుంది, దాన్ని రిచ్ హెడర్ అంటారు. ఒలింపిక్స్ వైపర్‌లో ఉన్న రిచ్ హెడర్, ఉత్తర కొరియాకు ముడిపెట్టే లాజరస్ బృందం వైపర్‌లో ఉన్నదానితో అచ్చంగా కలిసింది. చాలామంది అక్కడితో ఆగిపోయేవారే. భద్రతా సంస్థ క్యాస్పర్‌స్కీ పరిశోధకులు లోపలికి చూశారు. హెడర్ మైక్రోసాఫ్ట్ పాత టూల్ విజువల్ సీ++ 6తో తయారైందని చెబుతోంది, ప్రోగ్రామ్ లోపల మాత్రం ఆ టూల్ నాటికి లేని ఒక సిస్టమ్ ఫైల్ ప్రస్తావన ఉంది. అంటే హెడర్ అతికించింది. 2020 అక్టోబరులో ఈ దాడికి అమెరికా అభియోగాలు మోపింది రష్యా సైనిక గూఢచారి సంస్థ అధికారులు ఆరుగురి మీద.

ఈ రెండు కేసుల్లోనూ నకిలీ గుర్తు పెట్టడం తేలికైన పని. బృందం పేరు మార్చడానికి పైసా ఖర్చు లేదు. హెడర్ మార్చడానికి ఒక పూట చాలు. ఆధారాన్ని తూచేటప్పుడు అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే: దీన్ని నకిలీ చేయాలంటే ఎంత శ్రమ, ఎంత ముందు నుంచి మొదలుపెట్టాలి?

2015 జనవరి: చూపించకుండా చెప్పిన మాట

విమర్శలు పెరిగాక, జనవరి 7న ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ ఒక సదస్సులో మరో సంగతి చెప్పారు. దాడి చేసినవాళ్లు చాలాసార్లు ప్రాక్సీలు వాడారని, కొన్నిసార్లు మాత్రం అజాగ్రత్తగా నేరుగా కనెక్టయ్యారని, అప్పుడు కనబడ్డవి ఉత్తర కొరియన్లు మాత్రమే వాడే ఐపీలని. ఇది మునుపటి దానికంటే గట్టి మాట. ఉత్తర కొరియాకు నేరుగా కేటాయించిన ఐపీల బ్లాక్ 175.45.176.0తో మొదలై 1,024 అడ్రస్‌లే. దేశం మొత్తానికి అంతే. అందులో బయటివాడు దూరడం అసాధ్యం కాదు గానీ, వేల ప్రాక్సీల్లో ఒకటి వాడటమంత సులువూ కాదు.

కానీ ఆయన లాగ్‌లు చూపించలేదు. కొద్దిరోజులకే, అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2010 నుంచే ఉత్తర కొరియా నెట్‌వర్క్‌ల్లో తిష్ఠ వేసిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. అంటే ప్రభుత్వం ధీమాకు అసలు కారణం, బయట పెట్టిన మూడు ఆధారాలు కాకపోవచ్చు. నిపుణులు వాదించింది కనబడే కాగితాల మీద, ప్రభుత్వం నిర్ణయించింది కనబడని వాటి మీద. ఇద్దరూ వేర్వేరు కట్టలు చదివి ఒకరితో ఒకరు విభేదించారు.

2018 పత్రంలో ఏం మారింది

2018 సెప్టెంబరు 6న అమెరికా న్యాయశాఖ ఉత్తర కొరియా ప్రోగ్రామర్ పార్క్ జిన్ హ్యోక్ మీద 170కి పైగా పేజీల క్రిమినల్ ఫిర్యాదును బయటపెట్టింది. సుమారు 100 సెర్చ్ వారెంట్లు, సుమారు 1,000 ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాలు, విదేశాలకు 85 వరకు అధికారిక అభ్యర్థనలు దాని వెనకున్నాయి.

ఇందులో కోడ్ పోలిక ఒక భాగం మాత్రమే, బలం ఖాతాల గొలుసులో ఉంది. చైనాలోని దాలియన్‌లో పనిచేసిన చోసన్ ఎక్స్‌పో అనే కంపెనీ తరఫున మామూలు ప్రోగ్రామింగ్ పనుల కోసం పార్క్ వాడిన ఖాతాలు ఒక వైపు. ‘కిమ్ హ్యోన్ ఊ’ అనే మారుపేరుతో తెరిచిన ఖాతాలు మధ్యలో. దాడులకు వాడిన ఖాతాలు మరో వైపు. ఒకే యంత్రం నుంచి రెండు ఖాతాల్లోకి లాగిన్ కావడం, ఒకదానికి మరొకటి రికవరీ ఈమెయిల్‌గా ఉండటం లాంటి చిన్న చిన్న ముడులు సంవత్సరాల పొడవునా కనబడ్డాయి. సినిమా నటుల ఫేస్‌బుక్ పేజీల్లో మాల్‌వేర్ లింకులు పెట్టడం, ఏఎంసీ థియేటర్స్ ఉద్యోగులకు ఎర ఈమెయిళ్లు పంపడం, ఉత్తర కొరియా ఇతివృత్తంతో ధారావాహిక తీయబోయిన బ్రిటన్ సంస్థ మామత్ స్క్రీన్‌ను లక్ష్యం చేసుకోవడం కూడా అందులో ఉన్నాయి. ‘సినిమా సాకు తర్వాత తగిలించుకున్నది’ అన్న వాదానికి బాగా దెబ్బ తగిలింది ఈ చివరి వివరాలతోనే. డబ్బు కోసం వచ్చిన మాజీ ఉద్యోగికి బ్రిటన్ టీవీ సంస్థతో పనేముంది?

అదే గొలుసు 2016 ఫిబ్రవరిలో 8.1 కోట్ల డాలర్లు పోయిన బంగ్లాదేశ్ బ్యాంకు చోరీకి, 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై దాడికి కూడా అంటుకుంది. ఇదంతా నకిలీ చేయాలంటే, సోనీ మీద దాడికి ఏళ్ల ముందే ఖాతాలు తెరిచి, వాటితో మామూలు వ్యాపారం నడిపి, మూడేళ్ల తర్వాత మరో నేరంలో అదే పొరపాట్లు మళ్లీ చేయాలి. పైన వేసిన లెక్కలో ‘ఇతరులు’ అన్న గడి ఇక్కడ దాదాపు ఖాళీ అవుతుంది.

అయినా మిగిలినవి

ఫిర్యాదు తీర్పు కాదు. ముద్దాయి అమెరికా కోర్టు ముందు నిలబడలేదు, సాక్ష్యాలను ఎదుటి లాయరు ప్రశ్నించలేదు. అలాంటి వ్యక్తే లేడని ఉత్తర కొరియా అంది. 2021 ఫిబ్రవరిలో మరో ఇద్దరి పేర్లు చేర్చినా విచారణ అక్కడే ఉంది. రెండో మెట్టు వరకు ఆధారాలు గట్టిపడ్డాయి. మూడో మెట్టు, అంటే ఆదేశం ఎవరిచ్చారన్నది, బయటి పాఠకులకు ఇప్పటికీ ఊహ ద్వారానే తెలుస్తోంది.

ఈ తేడా ఇప్పుడు డబ్బు లెక్కల్లోకి వచ్చింది. 2017లో కంప్యూటర్లను పాడుచేసిన నాట్‌పెట్యా మాల్‌వేర్ దాడిలో మందుల కంపెనీ మెర్క్ 140 కోట్ల డాలర్ల నష్టం చూపితే, అది రష్యా చేసిన యుద్ధచర్య కాబట్టి చెల్లించబోమని బీమా కంపెనీలు అన్నాయి. 2023 మేలో న్యూజెర్సీ అప్పీలు కోర్టు మెర్క్ పక్షానే నిలిచింది. కానీ తీర్పు తిరిగింది దాడి ఎవరిదన్న దాని మీద కాదు, పాలసీలోని పాత యుద్ధం క్లాజు ఇలాంటి దాడికి వర్తించదన్న దాని మీద. ఆ కేసు నడుస్తుండగానే లండన్‌లోని బీమా మార్కెట్ లాయిడ్స్, 2023 మార్చి 31 నుంచి సైబర్ పాలసీల్లో ప్రభుత్వ దన్నుతో జరిగే దాడుల మినహాయింపు ఉండాలంది. దాడి ఒక ప్రభుత్వానిదని ఏ ప్రాతిపదికన తేలుస్తారో కూడా పాలసీలోనే రాయమంది. డిసెంబరు 19 నాటి లాంటి చిన్న ప్రకటన అందుకు చాలుతుందా, నాలుగేళ్ల తర్వాతి 170 పేజీల లాంటిది కావాలా అన్నది ఇక పాలసీలో ఆ వాక్యం ఎలా రాశారన్న దాని మీద ఉంటుంది.